మందులు ఆపితే శరీరం సొంతంగా మేలైన యాంటీబాడీలు తయారుచేసుకుంటుందా?

ప్రశ్న: నాకు హెచ్‌ఐవీ ఉందని తెలిసి నాలుగేళ్లయింది. అప్పటి నుంచీ రోజూ హెచ్‌ఐవీని అణచి ఉంచే ఏఆర్‌టీ మాత్ర వేసుకుంటున్నాను. రెండేళ్లుగా రక్తంలో వైరస్ కనిపించడం లేదని రిపోర్టులు వస్తున్నాయి. హెచ్‌ఐవీ ఉన్న కొందరి శరీరం రెండు మూడేళ్లకు దాదాపు అన్ని రకాల హెచ్‌ఐవీనీ అడ్డుకోగల యాంటీబాడీలను తయారుచేసుకుంటుందనీ, తొందరగా మందులు మొదలుపెట్టినవారిలో అవి అంతగా రావనీ ఈ మధ్య ఒక వ్యాసంలో చదివాను. అది చదివినప్పటి నుంచి మనసు మనసులో లేదు. నా శరీరం నేర్చుకోవలసినదాన్ని మందులే నేర్చుకోనివ్వడం లేదేమో అనిపించి పోయిన నెల నాలుగు రోజులు మాత్ర మానేశాను. భయం వేసి మళ్లీ మొదలుపెట్టాను. మొదట్లో నా రక్తంలో యాంటీబాడీలు ఉన్నాయనే కదా నాకు హెచ్‌ఐవీ ఉందని తేల్చారు? మరి ఆ యాంటీబాడీలు ఎందుకు పనిచేయడం లేదు? కొంతకాలం మందులు ఆపితే ఆ మంచి రకం యాంటీబాడీలు వస్తాయా? నా భార్యకు హెచ్‌ఐవీ లేదు. ఇంట్లో ఎవరినీ అడగలేక మీకు రాస్తున్నాను.
– పేరు వేయవద్దని కోరిన పాఠకుడు

జవాబు: ముందుగా మీరు ఆత్రంగా ఎదురుచూస్తున్న మాట చెబుతాను. మందులు ఆపకండి. మళ్లీ మొదలుపెట్టి మంచి పని చేశారు. ఇక మీ సందేహం విషయానికి వస్తే, అది తీసిపారేయవలసిన సందేహం కాదు. మీరు చదివిన వ్యాసంలో అబద్ధం లేదు, కానీ సగం మాత్రమే ఉంది. ఆ యాంటీబాడీలు కొందరిలో వస్తాయన్నది నిజం. అవి రావడానికి శరీరంలో వైరస్ చాలాకాలం పెరుగుతూ, మారుతూ ఉండాలన్నది కూడా చాలావరకు నిజం. అవి ఎవరి శరీరంలో పుట్టాయో ఆ మనిషికి దాదాపు ఉపయోగపడవన్న సంగతి మాత్రం ఆ వ్యాసం మీకు చెప్పినట్టు లేదు. ఇలా ఎందుకు జరుగుతుందో కాస్త వివరంగా చెప్పనివ్వండి, ఎందుకంటే కారణం తెలియకుండా ‘ఆపవద్దు’ అని మాత్రమే చెబితే మరో వ్యాసం చదివిన రోజున మీ మనసు మళ్లీ కలత పడుతుంది.

యాంటీబాడీలు అనగానే రక్షణ అనుకోవడం సహజం. తట్టు ఒకసారి వచ్చి తగ్గినవారి రక్తంలో యాంటీబాడీలు కనిపిస్తే వారికి మళ్లీ తట్టు రాదని చెబుతాం. హెచ్‌ఐవీ విషయంలో అదే మాటకు వేరే అర్థం ఉంది. వైరస్ శరీరంలో ప్రవేశించిన కొన్ని వారాలలోనే రోగనిరోధక వ్యవస్థ దాన్ని గుర్తించి యాంటీబాడీలను తయారుచేయడం మొదలుపెడుతుంది. పరీక్షలో దొరికేవి ఇవే. అయితే మొదట వచ్చే వీటిలో ఎక్కువ భాగం వైరస్‌లోని పనికిరాని చోట్లకు, విరిగిపోయిన ముక్కలకు, లోపలి ప్రోటీన్లకు అంటుకుంటాయి. అవి వైరస్‌కు అతుక్కుంటాయే గాని, అది కణంలోకి దూరడాన్ని ఆపలేవు. అతుక్కోవడం వేరు, అడ్డుకోవడం వేరు. అడ్డుకునే యాంటీబాడీలు రావడానికి సాధారణంగా కొన్ని నెలలు పడుతుంది. అవి కూడా ఆ మనిషి ఒంట్లో ఉన్న వైరస్ రకాన్ని మాత్రమే గుర్తుపడతాయి.

అవి వచ్చాక కూడా వైరస్ ఎందుకు లొంగదన్నదానికి ఒక చక్కని ప్రయోగం జవాబు చెప్పింది. 2003లో రెండు పరిశోధక బృందాలు హెచ్‌ఐవీ ఉన్నవారి నుంచి కాలక్రమంలో తీసి దాచిన రక్తం నమూనాలను, అదే కాలంలో వారిలో ఉన్న వైరస్‌లనూ ఒకదానికొకటి ఎదురుపెట్టి చూశాయి. ఈ రోజు తీసిన రక్తంలోని యాంటీబాడీలు ఆరు నెలల కిందటి వైరస్‌ను చక్కగా అడ్డుకున్నాయి. అదే రక్తం ఈ రోజు ఒంట్లో ఉన్న వైరస్‌ను మాత్రం పట్టుకోలేకపోయింది. మరికొన్ని నెలలకు శరీరం ఆ కొత్త వైరస్‌కు తగిన యాంటీబాడీలు తయారుచేసుకునేసరికి వైరస్ మళ్లీ మారిపోయి ఉంటోంది. శరీరం నిద్రపోవడం లేదు, పోరాడుతూనే ఉంది. కాకపోతే ఎప్పుడూ ఒక అడుగు వెనకే ఉంటోంది.

ఆ ఒక్క అడుగు తేడాకు కారణం వైరస్ కాపీ చేసుకునే తీరులో ఉంది. హెచ్‌ఐవీ జన్యుపదార్థంలో దాదాపు 9,700 అక్షరాలు ఉంటాయి. వాటిని కాపీ చేసే ఎంజైము తన తప్పులను తాను దిద్దుకోదు, అందువల్ల ప్రతి కొన్ని కాపీలకు ఒక తప్పయినా దొర్లుతుంది. మందులు వాడని మనిషి ఒంట్లో రోజుకు దాదాపు వెయ్యి కోట్ల వైరస్ రేణువులు పుడతాయని 1990లలో లెక్కగట్టారు. ఇంత సంఖ్యలో అన్ని తప్పులు జరుగుతున్నప్పుడు, యాంటీబాడీ పట్టుకునే చోట చిన్న మార్పు ఉన్న వైరస్ ఏదో ఒకటి ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. పాతది యాంటీబాడీ చేతిలో పోతుంది, మారినది మిగిలి పెరుగుతుంది.

దీనికి తోడు వైరస్ బయటి రూపం కూడా యాంటీబాడీలకు అనుకూలంగా ఉండదు. దాని ఉపరితలం మీద ముల్లులాంటి ప్రోటీన్లు ఉంటాయి. కణంలోకి దూరడానికి అదే తాళంచెవి, యాంటీబాడీలు దాడి చేయవలసిన చోటు కూడా అదే. ఫ్లూ వైరస్ మీద ఇలాంటి ముళ్లు వందల్లో ఉంటే, హెచ్‌ఐవీ మీద సగటున 14 ఉంటాయి. యాంటీబాడీకి రెండు చేతులు ఉంటాయి కాబట్టి ఒకేసారి రెండు ముళ్లను పట్టుకుంటే పట్టు గట్టిగా ఉండేది. ఇంత దూరదూరంగా ఉన్న ముళ్ల మధ్య చాలాసార్లు ఆ రెండో చేతికి అందేది ఏమీ ఉండదు. పైగా ఆ ముల్లు చుట్టూ చక్కెర గొలుసులు దట్టంగా కప్పి ఉంటాయి. ముల్లు బయటి భాగమైన జీపీ120 అనే ప్రోటీను బరువులో దాదాపు సగం ఈ చక్కెరలదే. ఈ చక్కెరలను వైరస్ తానుగా తయారుచేయదు. మన కణంలో పుడుతుంది గనుక మన కణం వేసే చక్కెరలనే కప్పుకుని బయటికి వస్తుంది. మన రోగనిరోధక వ్యవస్థకు అవి సొంత ఇంటి వస్తువుల్లా కనిపిస్తాయి, సొంతవాటి మీద దాడి చేయకూడదని అది చిన్నప్పుడే నేర్చుకుని ఉంటుంది.

అయినా ఆ ముల్లు మీద వైరస్ మార్చుకోలేని చోట్లు కొన్ని ఉన్నాయి. మన రోగనిరోధక వ్యవస్థలోని సీడీ4 కణాల మీద సీడీ4 అనే ప్రోటీను ఉంటుంది, ఆ ముల్లు దాన్ని పట్టుకునే గుంట అలాంటిది. దాన్ని ఎక్కువగా మార్చుకుంటే కణాన్ని పట్టుకోలేక వైరసే నశిస్తుంది. ముల్లు కొన దగ్గర ఒక చోటు, చక్కెరల మొదట్లో ఒక చోటు, వైరస్ పొరకు ఆనుకుని ఉన్న అడుగు భాగంలో ఒక చోటు, ఇలా మరికొన్ని ఉన్నాయి. ఈ చోట్లను పట్టుకోగల యాంటీబాడీ ఒక్క రకం వైరస్‌ను కాక, లోకంలో తిరిగే ఎన్నో రకాలను అడ్డుకోగలదు. మీరు చదివిన యాంటీబాడీలు ఇవే. పరిశోధకులు వీటిని బ్రాడ్లీ న్యూట్రలైజింగ్ యాంటీబాడీలంటారు, ఇక్కడ విస్తృత యాంటీబాడీలని పిలుచుకుందాం.

అవి ఎలా పుడతాయో చెప్పాలంటే లింఫు గ్రంథి లోపలికి వెళ్లాలి. ఇన్‌ఫెక్షన్ వచ్చినప్పుడు మెడ దగ్గరో చంకలోనో బిళ్ల కడుతుంది కదా, ఆ బిళ్ల లోపల చిన్న చిన్న గుండ్రటి ప్రాంతాలు ఏర్పడతాయి. వాటికి అంకుర కేంద్రాలని పేరు. యాంటీబాడీలను తయారుచేసే బి కణాలు అక్కడికి చేరి, ఒక చీకటి భాగంలో కొన్ని గంటలకొకసారి రెండుగా చీలుతూ పెరుగుతాయి. చీలేటప్పుడు తమ యాంటీబాడీ జన్యువులో కావాలనే తప్పులు చేసుకుంటాయి. ఒంట్లోని మరే కణమైనా ఇలా చేస్తే ప్రమాదమే, కానీ బి కణానికి ఆ పని కోసమే ప్రత్యేకంగా ఒక ఎంజైము ఉంది. తరువాత అవి వెలుతురు భాగంలోకి వస్తాయి. అక్కడ పొడుగాటి కొమ్మలున్న కణాలు వైరస్ ముక్కలను పట్టుకుని ఎదురుచూస్తూ ఉంటాయి. ఒక్కో బి కణం తన కొత్త యాంటీబాడీతో ఆ ముక్కను లాగడానికి ప్రయత్నిస్తుంది. గట్టిగా పట్టుకోగలిగితే ఎక్కువ ముక్కలు లాక్కుంటుంది. లాక్కున్నదాన్ని పక్కనే ఉన్న సహాయక టి కణానికి చూపిస్తుంది. ఎక్కువ చూపించినదానికి టి కణం నుంచి ‘నువ్వు బతుకు’ అనే సంకేతం అందుతుంది. అది మళ్లీ చీకటి భాగంలోకి వెళ్లి, మళ్లీ చీలి, మళ్లీ తప్పులు చేసుకుని, మళ్లీ పరీక్షకు వస్తుంది. పట్టు తప్పినవి అక్కడే చచ్చిపోతాయి. ఒక మామూలు టీకా తరువాత ఈ చక్రం కొన్ని వారాలు, కొన్ని నెలలు తిరిగి, మంచి యాంటీబాడీలను ఇచ్చి ఆగిపోతుంది. ఆ సహాయక టి కణాలు కూడా సీడీ4 కణాలే. హెచ్‌ఐవీ వాటిలోకి కూడా దూరి దాక్కుంటుంది, అంటే యాంటీబాడీని తీర్చిదిద్దే చోటే వైరస్‌కు ఒక స్థావరం.

హెచ్‌ఐవీ ఉన్న మనిషిలో ఈ చక్రం ఆగదు, ఎందుకంటే పరీక్షకు పెట్టే వైరస్ ముక్క ప్రతి కొన్ని వారాలకూ మారిపోతూ ఉంటుంది. బి కణాల వంశం ఒకటి వైరస్‌ను వెంటాడుతూ, అది మారినప్పుడల్లా తానూ మారుతూ, ఏళ్ల తరబడి ముందుకు పోతుంది. ఈ వెంటాట అంతా మొదటి నుంచి చివరి దాకా చూడగలిగిన అరుదైన సందర్భం ఒకటి 2013లో ప్రచురితమైంది. ఆఫ్రికాకు చెందిన ఒక వ్యక్తి, పరిశోధనలో ఆయనకు ఇచ్చిన సంకేతం సీహెచ్505, వైరస్ సోకిన కొద్ది వారాలకే అధ్యయనంలో చేరారు. ఆ తరువాత మూడేళ్ల పాటు క్రమంగా ఆయన రక్తాన్ని దాచారు. వెనక్కి తిరిగి ఆ నమూనాలను పరిశీలిస్తే, సీహెచ్103 అని పేరు పెట్టిన ఒక యాంటీబాడీ వంశానికి మూలమైన కణం మొదట్లో ఒంట్లోకి వచ్చిన వైరస్‌నే పట్టుకోగలిగిందని తేలింది. వైరస్ సీడీ4 గుంట చుట్టూ రకరకాలుగా మారడం మొదలుపెట్టింది. ఆ రకాలన్నిటినీ ఎదుర్కొంటూ యాంటీబాడీ కూడా మారుతూ వచ్చి, చివరకు పరీక్షించిన వైరస్ రకాలలో సగానికి పైగా అడ్డుకునే స్థాయికి చేరింది. దానికి ఇంకో వంశం తోడ్పడిందని 2014లో తెలిసింది. ఆ రెండో వంశం నుంచి తప్పించుకోవడానికి వైరస్ చేసుకున్న మార్పులే దాన్ని మొదటి వంశానికి మరింత బాగా దొరికేలా చేశాయి. ఈ వివరం చదివిన ప్రతిసారీ నాకు ఆశ్చర్యం కలుగుతుంది. ఒక దారి మూసుకుని పారిపోయిన వైరస్ మరో దారిలో తానే వచ్చి చిక్కింది.

ఇంత దూరం ప్రయాణించేవారు తక్కువ. హెచ్‌ఐవీ ఉన్నవారిలో పదిమందికి ఒకరి నుంచి ముగ్గురి దాకా కొన్నేళ్లకు ఏదో ఒక మేరకు విస్తృతంగా పనిచేసే యాంటీబాడీలను తయారుచేస్తారు. అత్యంత బలమైనవి వచ్చేది నూటికి దాదాపు ఒక్కరికి. ఆ ఒక్కరు ఎవరవుతారో ముందుగా చెప్పే పరీక్ష లేదు. రక్తంలో వైరస్ చాలాకాలం ఎక్కువగా ఉండడం, సీడీ4 కణాలు తగ్గిపోతూ ఉండడం ఆ స్థితితో ముడిపడి కనిపించాయి. అంటే మీ వైద్యులు ఏవి జరగకూడదని మీకు మందులు ఇస్తున్నారో, సరిగ్గా అవే.

2010లో ప్రచురితమైన వీఆర్‌సీ01 అనే యాంటీబాడీని చూడండి. అమెరికాలోని జాతీయ ఆరోగ్య సంస్థల పరిధిలోని టీకా పరిశోధన కేంద్రం దాన్ని హెచ్‌ఐవీ ఉన్న ఒక వ్యక్తి రక్తంలో కనిపెట్టింది. ప్రయోగశాలలో పరీక్షించిన వైరస్ రకాలలో దాదాపు 90 శాతాన్ని అది అడ్డుకుంది. అది సీడీ4 గుంటలోకి, సీడీ4 ఎలా ఒదుగుతుందో దాదాపు అలాగే ఒదుగుతుంది. యాంటీబాడీలో ఉండే రెండు రకాల ప్రోటీను గొలుసులలో బరువైనదాని జన్యువు, దీనిలో, పుట్టినప్పటి రూపంతో పోలిస్తే 30 శాతానికి పైగా మారిపోయి ఉంది. మామూలు టీకాలతో వచ్చే యాంటీబాడీలలో ఈ మార్పు చాలావరకు 10 శాతం లోపే ఉంటుంది. అంత మార్పు ఎన్ని వందల చక్రాల ఫలితమో ఊహించండి. ఇంకొన్ని విస్తృత యాంటీబాడీలు మార్పుల మీద కాక, చక్కెరల గుబురులోంచి లోపలికి చొచ్చుకుపోయే అసాధారణమైన పొడుగాటి ఒక వేలులాంటి భాగం మీద ఆధారపడతాయి. అలాంటి పొడవున్న కణాలు మనలో పుట్టడమే అరుదు. పుట్టినవాటిలో కొన్ని సొంత కణాలకు కూడా అంటుకునే స్వభావం చూపడం వల్ల శరీరమే వాటిని ముందుగా ఏరివేస్తుంది.

ఇప్పుడు మీ ప్రశ్నకు అసలు కీలకమైన విషయం దగ్గరికి వచ్చాం. వీఆర్‌సీ01 ఎవరి ఒంట్లో పుట్టిందో ఆ మనిషిలోని వైరస్ రకాలను తీసి పరీక్షించినప్పుడు, అవి ఆ యాంటీబాడీకి లొంగలేదు. లోకంలోని వైరస్‌లలో పదింట తొమ్మిదింటిని ఆపగల యాంటీబాడీ, తాను పుట్టిన ఇంట్లో ఉన్న వైరస్‌ను ఆపలేకపోయింది. ఇందులో విచిత్రం లేదు. ఆ యాంటీబాడీని అంత దూరం తీసుకువచ్చినది ఆ వైరసే. ప్రతి మెట్టు మీదా అది ముందుగా తప్పించుకుంది, యాంటీబాడీ దాని వెనక ఎక్కింది. పైకి చేరేసరికి తప్పించుకునే దారులన్నీ ఆ వైరస్‌కు అలవాటైపోయి ఉన్నాయి. విస్తృత యాంటీబాడీలు తయారైనవారిలో చాలామందికి వ్యాధి ముదరడం ఆగలేదు, వారికి కూడా మీరు వాడుతున్నటువంటి మందులే అవసరమయ్యాయి. మందులు లేకుండానే వైరస్‌ను ఏళ్ల తరబడి అదుపులో ఉంచుకోగలిగే అరుదైన మనుషులు కొందరు ఉన్నారు. వారిలో ఆ పని చేసేది ఎక్కువగా యాంటీబాడీలు కావు, వైరస్ ఉన్న కణాలను చంపే సీడీ8 టి కణాలు. అది కూడా చాలావరకు వారి జన్యువులతో వచ్చినది, మందులు ఆపి సంపాదించుకునేది కాదు.

కాబట్టి మందులు ఆపితే ఏమవుతుంది? సాధారణంగా రెండు మూడు వారాలలో వైరస్ మళ్లీ రక్తంలో కనిపిస్తుంది. ఆ తరువాత విస్తృత యాంటీబాడీలు రావాలంటే, అవి వచ్చే కొద్దిమందిలోనైనా ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్ల పాటు సీడీ4 కణాలు పోతూ ఉంటాయి. మందులు కొంతకాలం ఆపి, కొంతకాలం వాడితే ఏమవుతుందన్నది ఒకప్పుడు వైద్యులకు కూడా నిజమైన సందేహమే. అందుకే 33 దేశాలలో 5,472 మందితో స్మార్ట్ అనే పెద్ద అధ్యయనం చేశారు. సీడీ4 సంఖ్య బాగున్నంతకాలం ఒక వర్గానికి మందులు ఆపారు, మరో వర్గానికి ఆపలేదు. ఆపినవారిలో అవకాశవాద వ్యాధులు, అంటే రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు అదును చూసి వచ్చే జబ్బులు, లేదా మరణం సంభవించే అవకాశం 2.6 రెట్లు ఉందని 2006లో ఫలితాలు వచ్చాయి. గుండె, మూత్రపిండాలు, కాలేయానికి సంబంధించిన తీవ్రమైన సమస్యలు కూడా వారిలోనే ఎక్కువగా కనిపించాయి. అప్పటి నుంచి వైద్యంలో ఆ ప్రశ్నకు జవాబు దొరికినట్టే.

మీలాంటివారు సొంతంగా ఆపినప్పుడు ఇంకో చిక్కు ఉంది. ఒక మాత్రలో రెండు మూడు మందులు కలిసి ఉంటాయి, అవన్నీ ఒకే వేగంతో రక్తం నుంచి పోవు. ఒకటి ముందుగా పోయి మరొకటి ఇంకా కొద్దికొద్దిగా మిగిలి ఉన్న రోజుల్లో వైరస్ పెరిగితే, ఆ మిగిలినదానికి లొంగని రకం తయారయ్యే అవకాశం ఉంటుంది. హెపటైటిస్ బి కూడా ఉన్నవారికైతే మాత్రలోని కొన్ని మందులు ఆ వైరస్‌ను కూడా అణచి ఉంచుతాయి. అవి ఒక్కసారిగా ఆగితే కాలేయం ప్రమాదంలో పడవచ్చు. మీకు ఆ పరీక్ష చేశారో లేదో మీ పాత కాగితాలలో చూసుకోండి.

‘మందులు నా శరీరాన్ని నేర్చుకోనివ్వడం లేదా’ అని మీరు అడిగారు. సరైన మాట ఏమిటంటే, మందులు వైరస్‌ను పెరగనివ్వడం లేదు, అందువల్ల ఆ వెంటాట మొదలవడం లేదు. పిల్లవాడికి ఈత నేర్పడానికి వరదలో వదిలేయడంలాంటి చదువు అది. అలా నేర్చుకున్నవారు ఉన్నారన్నది నిజం, కానీ ఎవరూ తమవారిని ఆ దారిన పంపరు.

మీరు ఆశ వదులుకోనక్కరలేదు, ఎందుకంటే ఆ చదువును వైరస్ లేకుండా నేర్పే ప్రయత్నం ఇప్పుడు గట్టిగా సాగుతోంది. పైన చెప్పిన వెంటాటలో ఏ మెట్టు తరువాత ఏ మెట్టు వచ్చిందో పరిశోధకులకు తెలిసింది. మొదటి మెట్టుకు సరిపోయే ప్రోటీనును ముందుగా ఇచ్చి, అరుదైన ఆ మూల బి కణాలను నిద్ర లేపి, తరువాతి డోసులలో కొంచెం కొంచెం మార్చిన ప్రోటీన్లు ఇస్తూ వాటిని దారిలో నడిపించాలన్నది ఆలోచన. వీఆర్‌సీ01 లాంటి యాంటీబాడీకి మూలం కాగల కణం మనలో కొన్ని లక్షల బి కణాలకు ఒకటి మాత్రమే ఉంటుంది. ఆ ఒక్కదాన్ని వెతికి లేపడం సాధ్యమా అని చాలామంది అనుమానించారు. ఐఏవీఐ అనే అంతర్జాతీయ సంస్థ, అమెరికాలోని స్క్రిప్స్ పరిశోధన సంస్థ కలిసి చేసిన తొలి దశ పరీక్ష ఫలితాలు 2022లో ప్రచురితమయ్యాయి. టీకా వేయించుకున్న 36 మందిలో 35 మందికి సరైన కణాలు మేల్కొన్నాయి. అది మొదటి మెట్టు మాత్రమే. వారిలో ఎవరికీ హెచ్‌ఐవీ నుంచి రక్షణ వచ్చిందని కాదు. తరువాతి మెట్లు ఎక్కించే పరీక్షలు ఎంఆర్‌ఎన్‌ఏ పద్ధతితో కూడా జరిగాయి. కణాలు అనుకున్న దిశలో ముందుకు కదిలాయి, కానీ కొందరికి చర్మం మీద దద్దుర్లు వచ్చాయి కాబట్టి ఆ టీకాలను ఇంకా సరిచేయవలసి ఉంది.

దారి ఒక్కటే కాదని మరో ఆధారం నాకు ఎంతో ధైర్యం ఇచ్చింది. 2017లో ఆవులకు హెచ్‌ఐవీ ముల్లు ప్రోటీనును టీకాగా ఇచ్చినప్పుడు, వాటిలో విస్తృత యాంటీబాడీలు ఏళ్లకు కాదు, వారాలలోనే రావడం మొదలైంది. ఆవుల యాంటీబాడీలలో ఆ పొడుగాటి వేలు పుట్టుకతోనే ఉండడం దానికి కారణం. హెచ్‌ఐవీ సోకిన కొందరు పసిపిల్లలలో కూడా ఏడాది వయసు దరిదాపుల్లోనే ఇలాంటి యాంటీబాడీలు, అంతగా మార్పులు లేకుండానే కనిపించాయి. అన్నేళ్ల పోరాటం తప్పనిసరి కాదని దీన్నిబట్టి తెలుస్తోంది.

తయారైన యాంటీబాడీలనే సెలైన్‌లాగా ఎక్కించి రక్షించవచ్చా అని కూడా చూశారు. హెచ్‌ఐవీ లేని దాదాపు 4,600 మందిని తీసుకుని, వారిలో కొందరికి వీఆర్‌సీ01ను, మిగతావారికి మందు లేని ద్రవాన్ని ఎనిమిది వారాలకొకసారి ఎక్కించిన ఏఎంపీ అధ్యయనాల ఫలితాలు 2021లో వచ్చాయి. మొత్తం మీద సోకడం తగ్గలేదు. కానీ ఆ యాంటీబాడీకి బాగా లొంగే వైరస్ రకాల వల్ల సోకడం మాత్రం దాదాపు 75 శాతం తగ్గింది. ఒక్క యాంటీబాడీ చాలదనీ, వేర్వేరు చోట్లను పట్టుకునే రెండు మూడింటిని కలపాలనీ అందరూ అప్పుడు గ్రహించారు. ఇప్పటికే హెచ్‌ఐవీ ఉన్నవారికి అలా కలిపి ఇచ్చిన చిన్న అధ్యయనాలలో, మందులు ఆపిన తరువాత వైరస్ తిరిగి రావడం కొందరిలో చాలా నెలల పాటు వాయిదా పడింది. రేపు మీలాంటివారికి ఉపయోగపడే దారి ఇదే కావచ్చు.

ఈ అధ్యయనాలలో మందులు ఆపుతారు కదా, మరి నేను ఆపితే తప్పేమిటి అని మీకు అనిపించవచ్చు. అక్కడ ఆపేది ఇలా కాదు. వారి వైరస్ ఆ యాంటీబాడీలకు లొంగుతుందో లేదో చాలా చోట్ల ముందుగానే పరీక్షిస్తారు, తరచుగా రక్తం తీస్తారు, వైరస్ ముందే అనుకున్న హద్దు దాటితే మందులు వెంటనే తిరిగి ఇస్తారు, భాగస్వామికి ముప్పు రాకుండా ముందే ఏర్పాటు చేస్తారు. ఎప్పుడైనా అలాంటి అధ్యయనంలో చేరమని మిమ్మల్ని అడిగితే, ఎన్ని రోజులకొకసారి వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంత ఉందో చెప్పే అంకె) చూస్తారు, ఏ అంకె దగ్గర మందులు మళ్లీ మొదలుపెడతారు, నా భార్య విషయంలో ఏం చేస్తారు అన్న మూడు ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. మందులు ఆపకుండానే రక్తం ఇచ్చే అధ్యయనాలు కూడా ఉంటాయి. మీ బి కణాల జ్ఞాపకం మందుల వల్ల చెరిగిపోదు కనుక వాటిలో మీ రక్తం నిజంగా పనికివస్తుంది.

ఇక ఇప్పుడు చేయవలసిన పని. పోయిన నెలలో నాలుగు రోజులు మాత్ర మానేసిన సంగతి మీకు మందులిచ్చే వైద్యులకు దాచకుండా చెప్పండి. కోప్పడతారేమోనని భయపడకండి, ఇలాంటివి వారు తరచుగా వింటూనే ఉంటారు. తరువాతి వైరల్ లోడ్ పరీక్ష ఎప్పుడో ఉందని ఆగకుండా, ముందుకు జరపమని అడగండి. రెండేళ్లుగా వైరస్ కనిపించకుండా ఉన్న మనిషి నాలుగు రోజుల తరువాత మళ్లీ మాత్ర మొదలుపెడితే చాలాసార్లు ఏమీ కాదు, కానీ అది ఊహించుకోవలసిన విషయం కాదు, అంకెతో చూసుకోవలసిన విషయం. రక్తంలో వైరస్ కనిపించనంత కాలం లైంగికంగా అది భార్యకు సోకదని వేలాది జంటలను పరిశీలించిన అధ్యయనాలు తేల్చాయి, ఆ రక్షణను మీకు ఇస్తున్నది మీరు రోజూ వేసుకునే మాత్రే. కొత్త ఫలితం చేతికి వచ్చేదాకా కండోమ్ వాడండి. ఈ నాలుగు రోజుల మాట ఆమెకు కూడా తెలిస్తే మంచిది, కావాలంటే వైద్యుల దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్లి, ఆమె వేసుకోదగిన నివారణ మందుల గురించి కూడా అదే రోజు అడిగి రండి.